గాలి కొట్టి లైటు వెలిగించడం

నెలనెలా నాకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం "ఎందుకు" అని అడిగేవే. ఈసారి మాత్రం "ఎలా చేయాలి" అంటూ వచ్చినవే ఎక్కువ. సైన్స్ ఫెయిర్ల కాలం కదా! నాలుగు ఉత్తరాలూ గాలి చుట్టూనే తిరిగాయి కాబట్టి ఒకచోట పెట్టి జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. కదిరి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. గాలి పీడనం, శక్తి రూపాంతరం రెండూ ఒకే పరికరంతో చూపించాలని నా ఆశ. నేను చూపించి బీరువాలో దాచేసేది కాదు, పిల్లలే పట్టుకుని ఆడించేది కావాలి. తొమ్మిదో తరగతిలో 42 మంది ఉన్నారు. ఖర్చు ఐదొందలు దాటకూడదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: మెడికల్ షాపులో మొదలుపెట్టండమ్మా. సూదులు లేకుండా కొత్త సిరంజిలు, 10 మి.లీ.వి ఆరు, 50 మి.లీ.వి ఆరు తీసుకోండి. ఒకటో రెండో సెలైన్ సెట్లు కూడా. 50 మి.లీ. సిరంజి అడిగేటప్పుడు మూతి సన్నగా ఉన్నదే ఇమ్మనండి. ముక్కులో ట్యూబు వేసి ఆహారం పట్టడానికి వాడే లావు మూతిది చేతిలో పెడతారు, దానికి సెలైన్ పైపు పట్టదు. నేను ఒకసారి అరడజను అలాగే మోసుకొచ్చి, మళ్లీ బస్సెక్కి వెళ్లి మార్చుకున్నాను.

మా నాన్నది మార్కాపురంలో సైకిల్ షాపు. గాలి గురించి నాకు తెలిసినదాంట్లో సగం అక్కడ నేర్చుకున్నదే. పంపు పది సార్లు గట్టిగా కొట్టి అడుగు భాగం పట్టుకుంటే చుర్రుమనేది. "ఎందుకు కాలుతోంది నాన్నా?" అంటే, "నువ్వు తిన్న అన్నం అందులోకి పోయిందిరా" అనేవాడు. తర్వాత డిగ్రీలో థర్మోడైనమిక్స్ మాస్టారు అదే మాటను మూడు క్లాసులు చెప్పారు. మీ పరికరంలో పిల్లల చేతికి తగలాల్సింది ఈ చుర్రుమనడమే. అదెందుకో కింద చెబుతాను.

మొదటి భాగం సిరంజిలతో. 42 మందిని ఏడుగురు చొప్పున ఆరు జట్లు చేయండి. జట్టుకు ఒక చిన్న సిరంజి, ఒక పెద్ద సిరంజి, జానెడు సెలైన్ పైపు. పైపు చివరలు వేడినీళ్లలో ముంచితే మెత్తబడి సిరంజి మూతికి గట్టిగా పట్టుకుంటాయి. చిన్న సిరంజిలో గాలి నిండుగా ఉంచి, పెద్దదాని పిస్టన్ పూర్తిగా లోపలికి తోసి, అప్పుడు పైపు కలపాలి. చిన్నదాన్ని ఒకరు నొక్కాలి, పెద్దదాన్ని ఇంకొకరు బొటనవేలితో ఆపాలి. తరగతిలో అందరికంటే బక్కగా ఉండే పాపకు చిన్న సిరంజి, బాగా బలిసిన వాడికి పెద్దది ఇవ్వండి. మా స్కూల్లో ఈ పందెం పెడితే గోల పక్క క్లాసుకు వినబడేది. వాడు మొహం ఎర్రగా చేసుకుని ఆపుతుంటాడు, ఆ పిల్ల ఒక్క వేలితో నొక్కుతూ నవ్వుతుంటుంది.

ఎందుకు గెలిచిందో పిల్లలే లెక్క కట్టుకోవాలి. సిరంజి మీద అంకెలున్నాయి, చేతిలో స్కేలుంది. 10 మి.లీ. గీతల పొడవు దాదాపు 6 సెంటీమీటర్లు ఉంటుంది. ఘనపరిమాణాన్ని పొడవుతో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం 1.7 చదరపు సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. పెద్దదానికి అలాగే చేస్తే ఐదున్నర చుట్టుపక్కల. లోపలి గాలి పీడనం రెండు చోట్లా ఒకటే, కాబట్టి పెద్ద పిస్టన్ మీద బలం మూడింతల పైన. కంపెనీని బట్టి కొలతలు కొంచెం మారతాయి, మారనివ్వండి. పుస్తకంలో అంకె కాకుండా తన సిరంజి అంకె వచ్చినప్పుడే పిల్లలకు అది తమ లెక్క అనిపిస్తుంది.

ఇప్పుడు అదే పాపను సగంలో చెయ్యి వదిలేయమనండి. పిస్టన్ వెనక్కి ఎగిరొస్తుంది. "ఇప్పుడు దాన్ని ఎవరు తోశారు?" అని అడిగి ఊరుకోండి. తొందరపడి మీరు జవాబు చెప్పొద్దు. తర్వాత సిరంజిల్లో నీళ్లు నింపి మళ్లీ పందెం పెట్టించండి. నీళ్లతో పిస్టన్ వెనక్కి రాదు. గాలి నొక్కితే నలుగుతుంది, తాను మింగిన శక్తిని దాచుకుని తిరిగిస్తుంది. నీళ్లు నలగవు కాబట్టి వాటిలో దాగేది లేదు. గాలితో పని చేయించే న్యూమాటిక్స్‌కీ, నీళ్లతోనో నూనెతోనో పని చేయించే హైడ్రాలిక్స్‌కీ తేడా చెప్పడానికి ఇంతకంటే మాటలు అక్కర్లేదు.

వంటింటి డిజిటల్ కాటా ఒకటి ఇంటి నుంచి తెచ్చుకోండి. 10 మి.లీ. సిరంజి మూతిని ఎరేజరుకు గట్టిగా ఆనించి, కాటా మీద నిలబెట్టి, పిస్టన్ 5 గీత దగ్గరికి వచ్చేదాకా నొక్కితే కాటా 1.7 కిలోల చుట్టుపక్కల చూపించాలి. రబ్బరు రాపిడి కలిసి రెండు దాకా పోవచ్చు. గాలి సగానికి నలిగితే పీడనం రెట్టింపు. అలా పెరిగింది చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో, మన పిస్టన్ వైశాల్యం 1.7. 1662లో బాయిల్ అచ్చు వేయించిన సూత్రమే ఇది.

ఇక రెండో భాగం. ఇది జట్టుకొకటి అక్కర్లేదు, క్లాసుకు ఒకటి చాలు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మూతకు రెండు బెజ్జాలు పెట్టాలి. ఒకదాంట్లో పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన వాల్వు. లోపలా బయటా ట్యూబు రబ్బరు ముక్కలు వాషర్లుగా వేసి నట్టు బిగించాలి. రెండో దాంట్లో సెలైన్ పైపు దూర్చి చుట్టూ ఎంసీల్ పెట్టి ఒక రాత్రి ఆరనివ్వాలి. సెలైన్ పైపు మీద చిన్న చక్రం ఉంటుంది చూడండి, నర్సమ్మలు చుక్కల వేగం తగ్గించేది, అదే మనకు కుళాయి. పైపు చివర అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ మొన, లోపలి గోలీ తీసేసి. ఆ మొనకు ఎదురుగా బొమ్మ కారు మోటారు. మోటారు ఇరుసుకు సీసా మూత, దాని చుట్టూ ఐస్‌క్రీం చెంచాల తలలు ఆరు అంటించాలి. మోటారు తీగలకు ఎల్‌ఈడీ.

నేను మొదటిసారి చేసినప్పుడు రెండు రోజులు అది వెలగలేదు. చక్రం గిర్రున తిరుగుతోంది, లైటు మాత్రం చచ్చినట్టు ఉంది. వాషర్లు మార్చాను, చెంచాల వంపు మార్చాను, తీగలు తిప్పి పెట్టాను. చివరికి మల్టీమీటర్ పెడితే 2.1 వోల్టులు చూపించింది. తప్పు నాదే. తెల్ల ఎల్‌ఈడీ పెట్టాను, దానికి మూడు వోల్టుల దాకా కావాలి. ఎర్రది రెండు వోల్టుల లోపే వెలుగుతుంది. ఎర్రది పెట్టగానే వెలిగింది. అందుకని మొదటే చెబుతున్నా, ఎర్రదే పెట్టండి. వెలగకపోతే తీగలు ఒకసారి తిప్పి చూడండి, ఎల్‌ఈడీకి ఒక వైపు నుంచే కరెంటు పోతుంది.

నేల మీద పెట్టి కొట్టే మామూలు సైకిల్ పంపుతో ఎనిమిది దెబ్బలు చాలు. సీసాలో బయటికంటే ఒక అట్మాస్ఫియర్, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత, ఎక్కువ పీడనం వస్తుంది. పంచర్ షాపు భాషలో పదిహేను పాయింట్లు. అంతకంటే కొట్టనివ్వొద్దు. కూల్‌డ్రింక్ సీసా సోడా గాలికే మూడు నాలుగు అట్మాస్ఫియర్లు తట్టుకోవడానికి చేసింది, కాబట్టి ఇది దానికి లెక్కలోది కాదు. పలచటి నీళ్ల సీసాలు, ఎండలో పడి ఉన్న పాతవి, గీతలు పడ్డవి మాత్రం వద్దు. గాజు సీసా మాటే ఎత్తొద్దు. చక్రం తిరిగే వరుసలో ఎవరూ మొహం పెట్టకూడదు. చెంచా ముక్క ఊడిందంటే కంటికి తగులుతుంది. కళ్లజోడు పెట్టించండి.

లీకు ఉందేమో చూడటానికి సబ్బు నురగ రాయాలి. మా నాన్న పంచర్‌కి ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చూసేవాడు, ఇక్కడా వెతికేది ఆ బుడగల కోసమే.

ఇప్పుడు అసలు పాఠం. సీసాలో ఒక అట్మాస్ఫియర్ ఎక్కువ గాలి పెడితే దాని నుంచి రాబట్టగలిగింది, ఎంత నేర్పుగా వాడినా, సుమారు 78 జౌళ్లకు మించదు. అంటే ఒక కిలో బియ్యం సంచిని రెండంతస్తుల మేడ మీదికి ఎత్తేంత. ఎర్ర ఎల్‌ఈడీకి నిండుగా వెలగడానికి 0.04 వాట్లు చాలు. భాగించండి, దాదాపు అరగంట వెలగాలి. నా సీసాతో ఐదు సెకన్లు వెలిగింది. అంటే 0.2 జౌళ్లు. నాలుగు వందల్లో సుమారు ఒక వంతు!

మిగతాదంతా ఎక్కడికి పోయిందని పిల్లల్ని అడగండి. ఇక్కడ వాళ్ల చేతులు పనికొస్తాయి. పంపు అడుగు పట్టుకోమనండి, వేడి. అది సీసాలోకి చేరకముందే పోయిన ఖర్చు, పై లెక్కలోకి రానిది. గాలి బయటికొచ్చేటప్పుడు సుయ్‌మని చప్పుడు. చెంచాల పక్కనుంచి చక్రాన్ని తాకకుండా పోయే గాలి, చెయ్యి పెడితే తెలుస్తుంది. మోటారులో అయస్కాంతం పట్టుకున్నట్టు బిగుసుకునేది ఇంకొంత. రీఫిల్ మొన లేకుండా సీసా గాలి ఒక్కసారిగా వదిలితే లోపల తెల్లటి పొగమంచు కమ్ముకుంటుంది. గాలి ఉన్నట్టుండి వ్యాకోచించి చల్లబడి, అందులోని తేమ చుక్కలయింది. దీనికోసం మాత్రం ముందు సీసాలో చెంచాడు నీళ్లు తిప్పి పారబోయాలి. ఈ ఒక్క పొగమంచు చూడటానికి మా పిల్లలు ఇంటర్వెల్ మానుకుని వచ్చేవాళ్లు.

సైన్స్ ఫెయిర్లలో నాకు చిరాకు పుట్టించే చార్టు ఒకటుంది. "రసాయన శక్తి, యాంత్రిక శక్తి, విద్యుచ్ఛక్తి, కాంతి శక్తి" అని నాలుగు డబ్బాలు, మధ్యలో అందమైన బాణాలు. అన్ని బాణాలూ ఒకే లావు. ఒక ఫెయిర్‌లో మా పిల్లలు చివరి బాణాన్ని దారప్పోగు అంత సన్నగా గీసి, పక్కకు పోయే వేడి బాణాన్ని అరచెయ్యంత గీశారు. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన "ఇదేంటి, మీ పరికరం పని చెయ్యట్లేదని మీరే రాసుకున్నారా?" అని నవ్వి వెళ్లిపోయారు. బహుమతి రాలేదు. అయినా మీ చార్టులో బాణాలు అలాగే గీయించండమ్మా. వీలైతే ఐదు సెకన్లను పదికి పెంచడం పిల్లలకు పందెంగా పెట్టండి. చెంచాల కోణం, మొనకూ చక్రానికీ మధ్య దూరం, మొన బెజ్జం పరిమాణం, మార్చడానికి బోలెడు ఉన్నాయి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, నోటుబుక్కులో రాసుకోవాలి.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. సిరంజిలతో జేసీబీ చేశాను. అట్ట చెయ్యి లేస్తుంది కానీ కొంచెం బరువు పెడితే పిస్టన్ సగం నొక్కినా కదలదు. తర్వాత ఒక్కసారి ఎగురుతుంది. లేపి ఉంచితే మెల్లగా దిగిపోతుంది. మా ఫ్రెండ్ నీళ్లు పొయ్యమంటున్నాడు. పోస్తే నా ప్రాజెక్టు పేరు "న్యూమాటిక్ జేసీబీ" తప్పయిపోతుందా?
– ఒక విద్యార్థి, సిద్దిపేట

జవాబు: నాయనా, పేరు ముందే తప్పు. రోడ్డు మీద జేసీబీలో ఉండేది గాలి కాదు, నూనె. నీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టు.

అయినా గాలితో ఎందుకు కుదరలేదో తెలుసుకో. నీ పైపు ఎంత పొడవు? టేబుల్ మీద దూరంగా కూర్చుని ఆడించాలని మీటరు పెట్టి ఉంటావు. సెలైన్ పైపు లోపలి వ్యాసం మూడు మిల్లీమీటర్లనుకుంటే మీటరు పైపులో 7 మి.లీ. గాలి ఉంటుంది. సిరంజిలో 10, పైపులో 7, మొత్తం 17. నీ బరువు లేవాలంటే పీడనం 0.3 అట్మాస్ఫియర్ పెరగాలనుకుందాం. ఆ గాలి 13కి నలగాలి. అంటే నువ్వు నొక్కిన పదిలో నాలుగు గాలిని నలపడానికే పోయాయి, చెయ్యి ఇంకా కదలనే లేదు. పైపు 20 సెంటీమీటర్లకు కోస్తే ఆ నష్టం రెండున్నరకు తగ్గుతుంది. పూర్తిగా పోవాలంటే మాత్రం నీళ్లే. ఎగరడానికీ అదే కారణం. కీళ్ల దగ్గర రాపిడి పట్టుకుని ఉంటుంది, గాలి నలుగుతూ శక్తిని దాచుకుంటుంది, రాపిడి ఓడిపోగానే దాచిందంతా ఒక్కసారి వదులుతుంది.

మెల్లగా దిగడం లీకు వల్ల. పిస్టన్ రబ్బరుకు ఒక చుక్క గ్లిజరిన్ రాయి. కొబ్బరి నూనె, బండి ఆయిల్ రాస్తే కొన్నాళ్లకు రబ్బరు ఉబ్బిపోతుంది. నీళ్లు నింపేటప్పుడు పైపు నిలువుగా పట్టుకుని గోటితో తట్టు, బుడగలు పైకొచ్చేస్తాయి. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సమ్మ చేసేది చూసే ఉంటావు. నీళ్లలో కాస్త రంగు కలుపు, చూసేవాళ్లకు ఎటు పోతోందో తెలుస్తుంది. బోర్డు మీద "హైడ్రాలిక్" అని మార్చు. ఇంకా తెలివైన పని ఏంటంటే అట్ట చేతులు రెండు తయారు చెయ్యి, ఒకటి గాలిది, ఒకటి నీళ్లది, పక్కపక్కనే. అడిగినవాళ్లకు తేడా చెప్పు.

ప్రశ్న: మా అబ్బాయి వీడియోలు చూసి పీవీసీ పైపులో పంపుతో గాలి నింపి బంతి పేల్చే ఫిరంగి చేస్తానంటున్నాడు. వద్దంటే "నీళ్ల ట్యాంకు పైపులు అంత ప్రెజర్ తట్టుకుంటున్నాయిగా" అని వాదన. నాకేమో టెన్షన్. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: వద్దనే చెప్పండి. పైపులో నీళ్లు నలగవు కాబట్టి పగిలినా పీడనం వెంటనే పడిపోతుంది, చిమ్మి ఊరుకుంటుంది. గాలి అలా కాదు, దాచుకున్న శక్తినంతా ముక్కల మీద పెట్టి విసురుతుంది. పీవీసీ కూడా సాగదు, పెంకుల్లా పగులుతుంది. పిల్లవాడి వాదనలో లోపం అక్కడుందని చెబితే వింటాడు. ఉత్తినే "డేంజర్" అంటే వినడు.

దానికి బదులు మా చిన్నప్పటి వెదురు తుపాకి చేయించండి. జానెడున్నర సన్న వెదురు గొట్టం, అందులో బిగుతుగా పట్టే కర్ర. తడిపిన కాగితం ఉండ ఒకటి దూర్చి కర్రతో ముందు చివరిదాకా నెట్టాలి. రెండో ఉండ వెనక నుంచి పెట్టి కర్రతో గట్టిగా తోస్తే మొదటిది "టప్" అని ఎగిరిపోతుంది. కర్ర మొదటి ఉండను తాకనే లేదు, మధ్యలో ఇరుక్కున్న గాలి నలిగి తోసింది. రెండోది ముందుకొచ్చి తర్వాతి దెబ్బకు తూటా అవుతుంది. గోడ వైపే కొట్టాలి, మనుషుల వైపు కాదు. మా వీధిలో ఈ రూలు తప్పినవాడి తుపాకి పొయ్యిలోకి పోయేది.

ప్రశ్న: మాస్టారు గారికి, పోయిన సంచికలో మీరు "బస్సు గాలి బ్రేకుల్లో గాలి మొత్తం పోతే బ్రేకు పడదు" అని రాశారు. నేను డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పటి బండ్లలో వెనక చక్రాలకు స్ప్రింగు బ్రేకు ఉంటుంది. గాలి పోతే స్ప్రింగే బ్రేకు పట్టేస్తుంది, బండి కదలదు. పిల్లలు చదువుతారు, సరిచేయండి.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అయ్యా, పొరపాటు నాదే. ఒప్పుకుంటున్నాను. బండి నడిచేటప్పుడు డ్రైవరు కాలితో తొక్కే బ్రేకును గాలి తోస్తుంది. కానీ పార్కింగ్ బ్రేకును స్ప్రింగు పట్టుకుంటుంది, గాలి దాన్ని విడిపిస్తుంది. తెల్లవారుజామున డ్రైవరు ఇంజిన్ ఆన్ చేసి, గాలి నిండేదాకా బండి కదపకుండా కూర్చునేది అందుకే.

మీ ఉత్తరం చదివాక రైలు గుర్తొచ్చింది. మన రైళ్లలో బ్రేకు పైపు చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనంతో పెట్టె నుంచి పెట్టెకు పోతుంది. చెయిన్ లాగితే ఆ గాలి బయటికి పోతుంది, పీడనం పడిపోగానే ప్రతి పెట్టె కింద ట్యాంకులో దాచిన గాలి బ్రేకు వేస్తుంది. పైపు తెగినా బ్రేకే పడుతుంది. ఈ గాలి బ్రేకును కనిపెట్టిన అమెరికా ఇంజనీరు జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన మొదటి రకంలో ఈ ఏర్పాటు లేదు, పైపు తెగితే అంతే సంగతులు. 1872 రకంలో ఆయన దాన్ని తిరగేశాడు.

మీ స్ప్రింగు బ్రేకుకు ఒక క్లాసు నమూనా మొదలుపెట్టాను. సైకిల్ పెడల్‌తో తిరిగే చిన్న చక్రం, దాని అంచుకు ఆనే చెక్క. రబ్బరు బ్యాండు చెక్కను చక్రానికి లాగి పట్టుకుంటుంది. 20 మి.లీ. సిరంజి పిస్టన్ చెక్కను వెనక్కి తోస్తుంది. దూరంగా ఉన్న రెండో సిరంజి నొక్కి ఉంచినంతసేపూ చక్రం తిరుగుతుంది, పైపు ఊడదీస్తే టక్కున ఆగిపోతుంది. రెండో తరగతి చదివే మా మనవరాలు పైపు ఊడదీసే ఉద్యోగం తీసుకుంది.

రబ్బరు బ్యాండు రెండు వారాల్లో సాగిపోతోంది. నిజం స్ప్రింగు పెట్టాలి. బాల్‌పెన్ స్ప్రింగు చాలట్లేదు, సైకిల్ స్టాండు స్ప్రింగు సిరంజికి లొంగట్లేదు. మధ్యరకం స్ప్రింగు మీ అనుభవంలో ఏ పాత సామానులో దొరుకుతుందో ఒక కార్డు ముక్క రాయండి.